రైల్వే జేబు గడియారాలు పెట్టుబడి అవుతాయా?

ప్రశ్న: మేం అమెరికాలో, పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ దగ్గర ఉంటాం. హెచ్‌-1బీ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. పాత అమెరికన్ రైల్వే జేబు గడియారాలంటే నాకు ఆసక్తి. తెలిసిన పెద్దాయన ఒకరు తన దగ్గరున్న ఐదింటినీ కలిపి 14,000 డాలర్లకు ఇస్తానంటున్నారు. అవి హామిల్టన్ 992, హామిల్టన్ 992బీ, వాల్తమ్ వాన్‌గార్డ్, 23 జువెల్స్ (యంత్రంలో ఇరుసుల దగ్గర పెట్టే చిన్న కెంపు రాళ్లు) ఉన్న ఇల్లినాయ్ బన్ స్పెషల్, వెనుక రైలింజను బొమ్మ చెక్కిన మరొకటి. అన్నీ అరుదైనవేనని, పదేళ్లలో ధర రెట్టింపు అవుతుందని ఆయన అంటున్నారు. మా అబ్బాయి కాలేజీ చదువుకని 529 ఖాతాలో దాచిన డబ్బు తీసి కొనవచ్చా?

జవాబు: ఆ ఖాతా జోలికి వెళ్లకండి. చదువుకు కాకుండా వేరే పనికి తీస్తే అందులోని లాభం మీద ఆదాయపు పన్ను పడుతుంది, దానిపైన 10 శాతం జరిమానా కూడా ఉంటుంది. గడియారాలు ఇంటికి చేరకముందే నష్టంతో మొదలుపెట్టినట్లు అవుతుంది.

పదేళ్లలో రెట్టింపు అంటే ఏటా సుమారు 7.2 శాతం. వినడానికి బాగానే ఉంది కానీ ఆ మాట చెబుతున్నది అమ్మే మనిషి. నిజమే అనుకున్నా, పురాతన వస్తువుల దీర్ఘకాలిక లాభం మీద అమెరికాలో పన్ను 28 శాతం దాకా ఉండవచ్చు. షేర్లకైతే మీలాంటి ఉద్యోగుల్లో ఎక్కువమందికి 15 శాతమే. పైగా వీటిని ఎప్పటికప్పుడు విప్పి, శుభ్రం చేసి, నూనె వేయించాలి. అమ్మేటప్పుడు వేలం సంస్థకు కమీషన్ ఇవ్వాలి, లేదా దుకాణదారు అడిగిన తక్కువ ధరకు ఒప్పుకోవాలి. ఇవన్నీ తీసేశాక మిగిలేదే మీ లాభం.

మీ విషయంలో ఇంకో చిక్కు ఉంది. హెచ్‌-1బీ మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే దేశంలో ఉండేందుకు గరిష్ఠంగా 60 రోజుల గడువే దొరుకుతుంది. ఆ హడావుడిలో గడియారాలను మంచి ధరకు అమ్ముకోలేరు. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో విడిగా ఉందని మీరు రాయలేదు. లేకపోతే ముందు ఆ పని చూడండి.

ఇక ఆ ఐదింటి సంగతి. హామిల్టన్ కంపెనీ 1892లో మీ లాంకాస్టర్‌లోనే పుట్టింది. 992 రకం గడియారాలు లక్షల్లో తయారయ్యాయి, 1940 నుంచి దాని స్థానంలోకి వచ్చిన 992బీ కూడా అంతే. వాన్‌గార్డ్‌కూ కరువు లేదు. మూడూ మంచి యంత్రాలే, కానీ అరుదైనవి మాత్రం కావు. మామూలు స్థితిలో ఉన్నవి వందల డాలర్లలోనే దొరుకుతాయి.

రైలింజను బొమ్మ చూసి మోసపోకండి. 1891 ఏప్రిల్‌లో ఒహాయోలోని కిప్టన్ దగ్గర రెండు రైళ్లు ఢీకొన్నాయి. ఒక ఉద్యోగి గడియారం నాలుగు నిమిషాలు ఆగి మళ్లీ నడవడమే కారణమని చెబుతారు. ఆ తర్వాత క్లీవ్‌లాండ్ నగల వ్యాపారి వెబ్ సి. బాల్ ఆధ్వర్యంలో రైల్వే ఉద్యోగుల గడియారాలకు తనిఖీలు, ప్రమాణాలు వచ్చాయి. ముందు మూత లేని డయల్, 16 లేదా 18 సైజు, కనీసం 17 జువెల్స్, నిలబెట్టినా పడుకోబెట్టినా ఐదు స్థితుల్లో సరిగ్గా నడిచేలా సరిచేసిన యంత్రం, వారానికి 30 సెకన్లకు మించని తేడా వంటివి అడిగేవారు. వెనుక ఏ బొమ్మ ఉందన్నది తనిఖీదారుకు పట్టేది కాదు. ఇంజను బొమ్మలతో వచ్చిన చవక స్విస్ అనుకరణలు ఎన్నో ఉన్నాయి. ముందు అద్దం చట్రం విప్పి చూడండి. డయల్ అంచున చిన్న మీట ఉండాలి, సాధారణంగా ఒంటి గంట, రెండు గంటల దగ్గర. దాన్ని బయటికి లాగితేనే ముళ్లు తిరగాలి. తర్వాతి కాలపు రైల్వే గడియారాలకు ఇది తప్పనిసరి. కీ ఇచ్చే గుండీ పైకి లాగితేనే ముళ్లు తిరిగితే ఆ కాలపు రైల్వే గడియారం కాదనే అనుకోండి.

చూడాల్సింది బన్ స్పెషల్‌నే. 23 జువెల్స్ ఉన్నది 21 ఉన్నదాని కంటే బాగా అరుదు, ధర తేడా కూడా పెద్దదే. డయల్‌ను నమ్మకండి, కొద్దిపాటి మరలు విప్పితే అది మారిపోతుంది. వెనుక మూత తీయించి లోపలి పలక మీద ఏం చెక్కారో మీ కళ్లతో చదవండి. పేరు, జువెల్స్ సంఖ్య, సీరియల్ నంబరు అక్కడే ఉంటాయి. కేసు (యంత్రం కూర్చునే లోహపు తొడుగు) మీదున్న నంబరు వేరే కంపెనీది, దానితో తయారీ సంవత్సరం తేల్చలేరు. యంత్రం నంబరును ఆన్‌లైన్‌లోని ఉచిత జాబితాల్లో వెతికితే సంవత్సరం, రకం తెలుస్తాయి. పలక మీద రాసినదానికీ జాబితాకూ పొత్తు కుదరకపోతే అక్కడితో ఆపేయండి.

తర్వాత కేసు లోపలి అంచు మీద దీపం వేసి చూడండి. యంత్రాన్ని బిగించే రెండు మరల గీతలు అక్కడ పడతాయి. ఆ గీతలు రెండు జతలుంటే అందులో అంతకుముందు వేరే యంత్రం ఉండేదన్నమాట. తొలి రోజుల్లో కొనేవారే యంత్రాన్నీ కేసునూ విడివిడిగా ఎంచుకునేవారు కాబట్టి ఇది మోసమని అనలేం. కానీ ‘ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్లే ఉంది’ అని చెప్పి అమ్మేవారు అదనపు ధర అడగకూడదు.

మనవాళ్లకు పసుపు రంగు కనబడగానే తులాల లెక్క మొదలవుతుంది. మూత లోపల ‘20 ఏళ్ల హామీ’ అని ముద్ర ఉంటే అది ఇత్తడి మీద సన్నని బంగారు రేకు అని అర్థం. కరిగిస్తే వచ్చేది నామమాత్రమే. జువెల్స్ అంటే కూడా ఇరుసుల అరుగుదల తగ్గించే చిన్న కెంపు రాళ్లు, వాటికి నగల విలువ లేదు.

కాబట్టి ఐదూ కలిపి కొనకండి. బన్ స్పెషల్ ఒక్కటే ధర ఎంతో అడగండి. లోపలి పలక ఫొటోలు తీసుకుని పెన్సిల్వేనియాలోనే ఉన్న కొలంబియా ఊళ్లోని నేషనల్ వాచ్ అండ్ క్లాక్ మ్యూజియానికి వెళ్లండి, మీకు దగ్గరే. అక్కడి గ్రంథాలయంలో ఒక పూట కూర్చుంటే ఆయన మాటల్లో ఎంత నిజముందో తేలిపోతుంది. ఈలోగా చేయి అలవాటు కావాలంటే, పనిచేస్తున్న 992 ఒకటి మీ నెలవారీ సరదా ఖర్చులోంచి కొనుక్కోండి. దాన్ని పెట్టుబడుల పట్టికలో రాయకండి.

కొన్నాక బిల్లు, సీరియల్ నంబరు, ఫొటోలు ఒకచోట ఉంచి మీ భార్యకు చూపండి. అమెరికా ఇంటి బీమా పాలసీల్లో దొంగతనానికి గడియారాలు, నగలకు తరచూ 1,500 డాలర్ల పరిమితే ఉంటుంది. అంతకు మించి కొంటే ఒక్కో వస్తువునూ పేరుతో పాలసీలో చేర్పించాలి. పెద్దాయన విడిగా అమ్మనన్నా, మూత తీయనన్నా బేరం వదిలేయండి.