స్కేటింగ్ రాదు, తోడెవరూ లేరు. అయినా ఐస్ రింక్‌కి వెళ్లొచ్చా?

చలికాలంలో ఒక్కదాన్నే యూరప్ వెళ్తున్నాను, స్కేటింగ్ రాకుండా రింక్‌లోకి దిగితే నవ్వులపాలవుతానా అని అడిగారు. నవ్వులపాలు కావాలంటే చుట్టూ మనవాళ్లుండాలండీ. ముక్కూమొహం తెలియనివాళ్లకి మనల్ని చూసి నవ్వేంత తీరిక ఉండదు. రాని పని ఏదైనా మొదటిసారి ఒంటరిగానే చేయాలంటాను నేను.

నేను వెళ్లింది హంగేరీ రాజధాని బుడాపెస్ట్. వియన్నాలో ఆఫీసు పని అయిపోయాక జనవరిలో ఒక శనివారం రైలెక్కాను. ఊళ్లో మెట్రో 1896 నాటిది. బుల్లి పసుపు పెట్టెలు, నాలుగు మెట్లు దిగేసరికి ప్లాట్‌ఫారం. హీరోస్ స్క్వేర్‌లో దిగితే పక్కనే రింక్. 1870 నుంచీ అక్కడ స్కేటింగ్ ఉంది. మొదట్లో చెరువు తనంతట తాను గడ్డకడితేనే ఆట, 1926 నుంచి యంత్రాలతో గడ్డకట్టిస్తున్నారు. ఎండాకాలంలో అక్కడే పడవలు తిప్పుతారు. వెనకాల కోట ఒకటుంది, వైదహున్యాద్. నిజానికి అది 1896 ఎగ్జిబిషన్ కోసం చెక్కతో, అట్టతో వేసిన సెట్టింగు. జనానికి తెగ నచ్చేసి తర్వాత రాతితో కట్టారు.

చలికి భయపడి రెండు జతల సాక్సులు వేసుకున్నాను. అదే నా మొదటి తప్పు. లోపల పాదం జారుతూ మడమ ఒరుసుకుపోయింది. ఒక్క జత చాలు, కాకపోతే బూటు పైదాకా రావాలి. లేసులు మాత్రం చీలమండ దగ్గర ఊపిరాడనంత బిగించండి. ఈ సంగతి ఏ ట్రావెల్ వీడియోలోనూ చెప్పరు. అందులో అంతా పొగలు కక్కే హాట్ చాక్లెట్, వెనకాల పాట.

నాలుగున్నరకల్లా చీకటి పడింది, దీపాలు వెలిగాయి. నేను కటకటాలు పట్టుకున్న ఖైదీలా అంచు కమ్మీని వదలకుండా పావుగంట నిలబడ్డాను. ఐదేళ్ల పిల్లలు నా మోకాళ్ల పక్కనుంచి రయ్యిమని పోతున్నారు. అప్పుడొచ్చారు ఒక పెద్దాయన. డెబ్బై దాటి ఉంటాయి, చేతులు వెనక్కి కట్టుకుని పెరట్లో పచార్లు చేస్తున్నట్టు తిరుగుతున్నారు. నా ముందు ఆగి హంగేరియన్‌లో ఏదో అన్నారు. నాకు కంగారులో ఇంగ్లీషు కూడా రాలేదు, "పడిపోతానండీ" అన్నాను తెలుగులో. ఆయన తలూపి, తన మోకాళ్ల మీద రెండుసార్లు తట్టి చూపించారు. వంచమని. వంచాను. మడమలు దగ్గరికి, వేళ్లు బయటికి పెట్టి చూపించారు. అదీ పెట్టాను. కమ్మీ వదిలి రెండడుగులు వేశాను. భయమేసి వెనక్కి వాలాను. అంతే, చతికిలబడ్డాను.

కిందపడ్డప్పుడు వెలిగింది నాకు. చిన్నప్పుడు మా ఊళ్లో నాట్ల రోజుల్లో పొలం గట్టు మీద నడిచేటప్పుడు అమ్మమ్మ అరిచేది, "ముందుకి వంగవే, నిటారుగా నడిస్తే మడిలో పడతావ్" అని. అదే విద్య! మోకాలు సడలించి, ఒళ్లు ముందుకి వేసి, చిన్నచిన్న అడుగులు. గట్టు మీద నడిచిన మనకి ఐస్ ఒక లెక్కా? ఆ తర్వాత ఇంకో ఆరుసార్లు పడ్డాను, అది వేరే విషయం. చివరికి ఒక పూర్తి చుట్టు తిరిగాను. పెద్దాయన ఎదురొచ్చి బొటనవేలు ఎత్తి చూపి వెళ్లిపోయారు. పక్కన మా అక్కే ఉంటే రెండోసారి పడగానే "ఇక చాల్లే, పద" అని లాక్కెళ్లేది.

మర్నాడు పొద్దున్న తుంటి నొప్పితో ఆ పార్కులోనే ఉన్న సేచెన్యీ వేడినీళ్ల స్నానాలకి వెళ్లాను. పైన గడ్డకట్టే చలి, మెడదాకా వేన్నీళ్లు. మీరు రింక్‌కి వెళ్తే దీన్ని మాత్రం వదలకండి.

ఫోటోలు అడగొద్దు. పడితే పగులుతుందని ఫోన్ లాకర్లో పెట్టేశాను. చుట్టు పూర్తి చేశానంటే మా అక్క ఇప్పటికీ నమ్మదు.