ప్రూఫ్ నాణెమా, యూఎన్‌సీ నాణెమా: మేనల్లుడికి మామ లేఖ

కావలి

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. ఒంగోలులో ఉద్యోగంలో చేరి ఏడాది తిరగకముందే స్మారక నాణేలు కూడబెట్టాలన్న కోరిక నీకు కలిగినందుకు సంతోషమే గాని, టంకశాల వారి పట్టికలో ఒకే నాణేనికి ప్రూఫ్ అని ఒక ధర, యూఎన్‌సీ (అన్‌సర్క్యులేటెడ్, అంటే చలామణీలోకి పోనిది) అని అంతకన్నా తక్కువ ధర కనిపించేసరికి, ధర ఎక్కువున్న దానిలో వెండి కూడా మేలైనదై ఉంటుందని నీవు అనుకోవడం మాత్రం సరికాదు. రవీంద్రనాథ్ ఠాగూర్ 150వ జయంతికి వచ్చిన 150 రూపాయల నాణెం గాని, 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో విడుదలైన ఎన్టీఆర్ శతజయంతి 100 రూపాయల నాణెం గాని 35 గ్రాముల బరువు, 44 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటాయి. వాటి లోహంలో సగం వెండి, 40 శాతం రాగి, నికెల్, జింకు అయిదేసి శాతం. ఒకే నాణేన్ని ప్రూఫ్‌గా తీసుకున్నా యూఎన్‌సీగా తీసుకున్నా లోహంలో తేడా ఉండదు. ఎక్కువగా ఇచ్చే సొమ్మంతా పనితనానికే గాని వెండికి కాదు.

ఆ పనితనం ఎక్కడ ఉంటుందో చెబుతాను. ప్రూఫ్ నాణేనికి వాడే లోహపు బిళ్ళను ముందే మెరుగు పెడతారు. అచ్చులోనూ చదునుగా ఉండే భాగాన్ని అద్దంలా నునుపు చేసి, బొమ్మ, అక్షరాలు ఉండే పల్లపు భాగాన్ని మాత్రం కావాలని గరుకుగా ఉంచుతారు. ఆ తర్వాత ఒక్కొక్క బిళ్ళనూ విడిగా యంత్రంలో పెట్టి, నెమ్మదిగా, ఎక్కువ ఒత్తిడితో, ఒకటికి రెండు సార్లయినా అచ్చు వేసి, వేలిముద్ర పడకుండా బయటికి తీస్తారు. అందువల్ల నేలంతా, అంటే బొమ్మ చుట్టూ ఉండే చదునైన భాగమంతా, నల్లటి అద్దంలాగా, బొమ్మ దాని మీద ముగ్గుపిండి చల్లినట్టు తెల్లగా కనిపిస్తుంది. యూఎన్‌సీ నాణేనికి ఇంత సేవ జరగదు. మామూలు అచ్చుతో, మామూలు వేగంతో ఒక్క దెబ్బకు తయారవుతుంది. చలామణీలోకి పోకుండా నేరుగా అట్టలోకి ఎక్కుతుంది. దానికీ ఒక అందం ఉంది. దీపం కింద పట్టుకుని మెల్లగా వంచితే వెలుగు బండిచక్రం ఆకుల్లాగా నాణెం చుట్టూ తిరుగుతుంది. ఒత్తిడికి లోహం లోపలి నుంచి అంచు వైపు పారినప్పుడు ఏర్పడే సన్నని చారల వల్ల కలిగే తళుకు అది. ఒకసారి చెరిగితే ఏ మెరుగుపొడీ దాన్ని తిరిగి తేలేదు.

ఇక్కడ ఒక సూక్ష్మం గుర్తుంచుకో. ప్రూఫ్ అన్నది తయారు చేసే పద్ధతికి పేరు, స్థితికి కాదు. ప్రూఫ్ నాణేన్ని జేబులో వేసుకుని పదేళ్ళు తిరిగినా అది చెడిపోయిన ప్రూఫే అవుతుంది గాని యూఎన్‌సీ కాదు. నాణేల స్థితిని పరీక్షించే గ్రేడింగ్ సంస్థలు 1 నుంచి 70 దాకా అంకెలు వేసేటప్పుడు వాడని మామూలు తయారీకి ఎంఎస్ (మింట్ స్టేట్) అనీ, ప్రూఫ్‌లకు పీఎఫ్ లేదా పీఆర్ అనీ వేరే అక్షరాలు వాడేది ఇందుకే. వాడకంలోకి పోని మామూలు నాణేలకు 60 నుంచి పైకి అంకెలు పడతాయి. ప్రూఫ్‌కు మాత్రం, చెడితే, 55 అయినా పడవచ్చు.

వాడని నాణేనికీ, వాడి అరిగినదానికీ ఉన్న తేడాకు మన ప్రాంతంలోనే ఒక పాత ఉదాహరణ ఉంది. 18వ శతాబ్దం చివరి భాగంలో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుండగా నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వి చూస్తే శిథిలమైన చిన్న గుడి, దాని కింద కుండలో రోమను బంగారు నాణేలు. ట్రాజన్ చక్రవర్తి నాణేల్లో చాలావరకు నిన్ననే టంకశాల నుంచి వచ్చినంత కొత్తగా ఉన్నాయనీ, మరికొన్ని అరిగి, మెడలోనో చేతికో కట్టుకోవడానికి రంధ్రాలు పొడిపించుకుని ఉన్నాయనీ అప్పటి దొరలు వ్రాసుకున్నారు. ఆ మొదటి రకాన్నే ఇవాళ మనం యూఎన్‌సీ అంటున్నాము, రెండో రకం మన కాసులపేరుకు చుట్టం. ఆ కుండలోని నాణేల్లో చాలా వాటిని పాత బంగారం కింద అమ్మి కరిగించారని చదివినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మీ అత్త నవ్వింది.

ఇక నా సంగతి. బ్యాంకులో క్యాషియరుగా ఉన్న రోజుల్లో కొత్త నాణేల సంచులు విప్పడం నా పని. గాంధీ శతజయంతికి 1969లో వచ్చిన 20 పైసల బిళ్ళలు చిన్నప్పుడు కిరాణా కొట్టులో చూసినవాణ్ణి, ఇందిరా గాంధీ బొమ్మతో 1985 సంవత్సరం వేసి వచ్చిన 5 రూపాయల నాణేలను మాత్రం సంచిలోంచే తీసి చూశాను. ఎవరి చెయ్యీ తగలకపోయినా వాటి బుగ్గ మీద, ముక్కు మీద గాట్లు ఉండేవి. వందల నాణేలు ఒకే సంచిలో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ లారీలో ప్రయాణం చేస్తే అంతే. కనుక సంచి గాట్లున్న యూఎన్‌సీ నాణేన్ని ఎవరో వాడేశారని తిరస్కరించకు. బొమ్మలో అన్నిటికన్నా ఎత్తైన చోట లోహం రంగు మారి మసకబారిందా అన్నది చూడు. అక్కడ తళుకు తెగకుండా ఉంటే అది వాడనిదే.

ప్రూఫ్ విషయంలో నేను చేసిన తప్పు నీవు చేయకూడదనే ఈ ఉత్తరం ఇంత పొడుగైంది. ఠాగూర్ ప్రూఫ్ నాణేన్ని ఎంతో ఇష్టంగా కొని, వరలక్ష్మీ వ్రతం నాడు వెండి కదా అని డబ్బీలోంచి నేనే తీసి కలశం దగ్గర బియ్యంలో పెట్టాను. పసుపు, కుంకుమ పడ్డాయి. పూజయ్యాక పంచె చెంగు మెత్తగా ఉంది కదా అని దానితో తుడిచాను. కుంకుమలో ఉండే సన్నని గరుకు ఆ అద్దాన్ని పిల్లి గీరినట్టు గీసింది. మామూలు వెలుగులో ఏమీ తెలియదు గాని, బల్బు కింద వంచితే నేలంతా సాలెగూడు. తర్వాత చెన్నైలో ఒక వర్తకుడికి చూపిస్తే, కన్నద్దం (కంటికి పెట్టుకునే చిన్న భూతద్దం) పెట్టి ఒక్క క్షణం చూసి, 17న్నర గ్రాముల వెండికి ఎంత వస్తుందో అంత చెప్పాడు. అదే పని యూఎన్‌సీ నాణేనికి చేసి ఉంటే దానికీ నష్టమే గాని, ఇంతగా బయటపడేది కాదు. దాని తళుకు ఎలాగూ చారలతోనే ఉంటుంది. అద్దం ఎంత స్వచ్ఛమో అంత నిర్దయ.

కనుక నా సలహా ఇది. ఏ రకం కొనాలో నీ జేబును గాక నీ ఇంటిని, నీ చేతులను చూసి నిర్ణయించుకో. వచ్చిన చుట్టానికల్లా డబ్బీ విప్పి చూపించాలన్న సరదా ఉన్నంతకాలం యూఎన్‌సీనే తీసుకో. మొదటి రెండు మూడేళ్ళు అదే మంచిది. నాణేలను అంచుతో పట్టుకోవడం చేతికి అలవాటు కావాలి, కన్నద్దంతో చూడడం కంటికి అలవాటు కావాలి. ప్రూఫ్‌ను ఏడాదికి ఒకటికి మించి కొనకు. అదీ బొమ్మ చుట్టూ ఖాళీ నేల బాగా ఉన్నదాన్నే ఎంచుకో. ఒక్క ముఖం, చుట్టూ విశాలమైన ఖాళీ ఉన్న నాణేనికి ప్రూఫ్ పనితనం పూర్తిగా ఫలిస్తుంది. గోపురాలు, చెక్కడాలు, అక్షరాలతో కిక్కిరిసిన నాణెం మీద అద్దానికి చోటే ఉండదు. దానికి అంత ధర పోయడం నాకు దండగ ఖర్చుగా తోస్తుంది. ఒక వరుస మొదలు పెడితే మాత్రం అందులో అన్నీ ఒకే రకంగా ఉండేటట్టు చూసుకో. నాలుగు యూఎన్‌సీల మధ్య ఒక ప్రూఫ్ పంటిలో ఇరుక్కున్న పీచులాగా ఉంటుంది.

మన వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. తుమ్మలపెంట సముద్రం మాకు దూరం కాదు, ఒంగోలుకు కొత్తపట్నం అంతే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలు పడే రోజుల్లో ఉప్పుగాలి, తేమ కలిసి వెండిని నల్లబరుస్తాయి, రాగి ఉన్నచోట పచ్చబరుస్తాయి. ఆ మూడు నెలలు డబ్బీలు విప్పనే వద్దు. బీరువాలో సిలికా జెల్ పొట్లాలు ఉంచి, వాటిని అప్పుడప్పుడు మార్చు. కలరా ఉండలు వేయకు. రబ్బరు బ్యాండు దగ్గరికి రానీయకు. అందులోని గంధకం వెండికి శత్రువు, మా కౌంటరులో నోట్ల కట్టలకు వేసిన బ్యాండ్లు పక్కనున్న నాణేలను ఎలా నల్లబరిచేవో నాకు తెలుసు. మెత్తగా, వాసన వేసే చవక ప్లాస్టిక్ కవర్లు పీవీసీవి, అవి కొన్నేళ్ళకు నాణెం మీద ఆకుపచ్చ జిగురు వదులుతాయి. గట్టి అక్రిలిక్ డబ్బీలే వాడు. టంకశాల వారి అట్టను, పెట్టెను పారేయకు. నాణెం నల్లబడిందని చింతపండు, విబూది, పళ్ళపొడి ఏదీ వేసి తోమకు. దేవుడి గిన్నెలకు అవి మంచివే, నాణేలకు కావు.

ఎన్టీఆర్ నాణెం ఇప్పుడు బయట కొంటానన్నావు గనుక ఒక జాగ్రత్త. యూఎన్‌సీ నాణేన్ని బఫింగ్ చక్రం మీద పట్టి మెరిపించి ప్రూఫ్ అని అమ్మేవాళ్ళు ఉన్నారు. దొంగను పట్టుకోవడం కష్టం కాదు. నిజమైన ప్రూఫ్‌లో అక్షరాల అంచులు కత్తితో కోసినట్టు ఉంటాయి, నేల మాత్రమే మెరుస్తుంది, బొమ్మ మెరవదు. మెరుగు పెట్టినదాంట్లో బొమ్మ, నేల రెండూ ఒకేలాగా మెరుస్తాయి, అక్షరాలు సబ్బు అరిగినట్టు మొద్దుబారి ఉంటాయి. నాణెం పైన వార్తాపత్రిక పట్టుకుని దాని నేలలో అక్షరాల నీడ చదవగలుగుతున్నావో లేదో కూడా చూడు. ముంబయి టంకశాల ప్రూఫ్‌లయితే నాణెం మీద వేసిన సంవత్సరం అంకెకు దిగువన, పాతవాటికి ఇంగ్లీషు బి, తర్వాతి వాటికి ఎం అక్షరం ఉంటుంది. అక్కడి మామూలు నాణేలకు వజ్రం గుర్తు. నక్షత్రం ఉంటే హైదరాబాదుది. ముంబయి ప్రూఫ్ అని చెప్పి వజ్రం గుర్తున్నది చూపిస్తే బేరం ఆడకుండానే లేచి రా.

కొత్తగా విడుదలయ్యేవాటిని మాత్రం బయట కొనకు. టంకశాల వారు బుకింగ్ తెరిచినప్పుడు గడువు లోపల నేరుగా సొమ్ము కట్టు. నాణెం చేతికి రావడానికి నెలలు పట్టినా కంగారు పడకు.

సంక్రాంతికి వస్తావు కదా, నీ దగ్గర ఇప్పటికే ఉన్న రెండు నాణేలనూ డబ్బీలు విప్పకుండా పట్టుకురా, స్కూటరు డిక్కీలో మాత్రం పెట్టకు, అది ఎండకు పొయ్యిలా కాగుతుంది. ఠాగూర్ నాణేన్ని కన్నద్దం కింద పెట్టి ఆ సాలెగూడు నీకు చూపిస్తాను. అప్పటికి వానలు కూడా తగ్గి ఉంటాయి.

ఆశీస్సులతో,
మీ మామ