హంతకుడెవరో తెలుసుకోవడానికి తొందరపడకు

చిరంజీవి అమ్ములుకి, తాతయ్య ఆశీస్సులు.

పాత డిటెక్టివ్ కథలు చదవడం మొదలుపెడతానన్నావు, చాలా సంతోషం. హంతకుడెవరో తెలుసుకోవడమే కావాలంటే చివరి పేజీ తిప్పితే చాలు. కానీ వాటి రుచి అక్కడ లేదు. ఆధారాన్ని మన కళ్ళముందే పెట్టి, మనం దాన్ని పట్టించుకోకుండా దాటిపోయేలా రాస్తారు చూడు, అసలు గొప్పతనం అదీ.

కోనన్ డాయిల్ 1892లో రాసిన షెర్లాక్ హోమ్స్ కథ ‘సిల్వర్ బ్లేజ్’తో మొదలుపెట్టు. చిన్న కథే, ఒక్క పూటలో అయిపోతుంది. ఇంగ్లండులోని డార్ట్‌మూర్‌లో ఓ పందెం గుర్రం రాత్రికి రాత్రి మాయమవుతుంది. శాలకి కాపలా ఉన్న కుర్రాడికి ఆ రాత్రి పంపిన భోజనం మసాలా మటన్. అందులో నల్లమందు కలిపారు, వాడు మత్తులో పడిపోయాడు. మందు కలిపిందెవరా అని మనం అనుమానితుల వెంట పరిగెడతాం. డిటెక్టివ్ హోమ్స్ మాత్రం ఆ కూర దగ్గరే ఆగుతాడు. చప్పటి వంటలో నల్లమందు రుచి ఇట్టే తెలిసిపోతుంది, మసాలా ఘాటులో తెలియదు. మరి సరిగ్గా ఆ రాత్రే ఆ కూర వండించగలిగింది ఎవరు? పైగా శాలలో కుక్క ఉంది. అది మొరగనే లేదు. రోజూ మసాలా తినే మనకే ఆ కూర సంగతి తట్టదు! జవాబు మాత్రం నేను చెప్పను, నువ్వే పట్టుకోవాలి.

అందుకే నిదానంగా చదువు. ఎవరు ఏం తిన్నారు, అప్పుడు టైమెంత, ‘నేను చూశాను’ అన్నవాడు నిజంగా చూశాడా, ఎవరో చెబితే విన్నాడా, ఇవన్నీ గమనించు. ఏడుస్తున్నవాళ్ళని చూసి జాలిపడు కానీ, అనుమానితుల్లోంచి వాళ్ళ పేరు కొట్టెయ్యకు. ఇంగ్లీషు రచయిత్రి అగాథా క్రిస్టీ డిటెక్టివ్ నవలల్లో మందుల ప్రస్తావన వస్తే ఒక్క ముక్క కూడా వదలకు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆవిడ ఆస్పత్రిలో మందులు కలిపి ఇచ్చే పని చేసింది. విషాల గురించి తెలిసే రాసింది.

చివర్లో డిటెక్టివ్ అనుమానితులందర్నీ ఓ గదిలో కూర్చోబెట్టగానే పుస్తకం మూసెయ్యి. ఎవరు, ఎలా, ఎందుకు అన్నది కాగితం మీద రాసుకున్నాకే ముందుకెళ్ళు. డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం వెంటనే పాఠకుడికీ చూపించాలని 1929లో రోనాల్డ్ నాక్స్ అనే డిటెక్టివ్ కథా రచయిత నియమం పెట్టాడు. మంచి రచయిత ఆ మాట మీద నిలబడతాడు. కాబట్టి నీ ఊహ తప్పినా కోపం రాదు. వెనక్కెళ్ళి వెతికితే ఆ వాక్యం అక్కడే ఉంటుంది, ఎంత ముచ్చటేస్తుందో! రెండోసారి చదవడం నాకైతే ఇంకా ఇష్టం.

మన కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు ఎక్కడ దొరికినా తెచ్చుకో.

ఒక్క పుస్తకం మాత్రం వాయిదా వెయ్యకు. 1926లో వచ్చిన క్రిస్టీ నవల ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’, రోజర్ ఆక్రాయిడ్ అనే పెద్దమనిషి హత్య గురించి. దాని గుట్టు ఒక్క మాటలో చెప్పెయ్యొచ్చు, ఎవరైనా చెప్పేస్తే ఇక ఆ ఆనందం నీకు దక్కదు. నెట్‌లో వెతక్కు, అట్ట వెనకాల రాసింది కూడా చూడకు. ఈ సెలవుల్లోనే చదివేసి, నీ అనుమానం ఎవరి మీదో చివరి అధ్యాయాలకి ముందే నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ తాతయ్య