పనులు, అపాయింట్‌మెంట్లు ఒకే క్యాలెండర్‌లో కలవకుండా ఎలా పెట్టుకోవాలి?

మీటింగులు, డాక్టర్ అపాయింట్‌మెంట్లు గూగుల్ క్యాలెండర్‌లో ఉన్నాయి, రోజువారీ పనులు కూడా అందులోనే రాస్తే గజిబిజిగా ఉంటోంది, వేరే యాప్‌లో రాస్తే తెరిచి చూడటమే అవట్లేదు, ఏం చేయాలని అడిగారు. నేను హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి మాదాపూర్‌లో ఆఫీసుకు వెళ్తాను, ఇంట్లో పెద్దవాళ్ల చెకప్‌లు కూడా నేనే చూసుకుంటాను. నా అనుభవంలో రెండూ ఒకే తెర మీద కనిపించాలి. కానీ పనిని ఈవెంట్‌గా మాత్రం పెట్టకూడదు.

ఎందుకంటే పదకొండింటి మీటింగ్ పన్నెండుకల్లా అయిపోతుంది. మనం వెళ్లినా వెళ్లకపోయినా దాని టైమ్ దాటిపోయినట్టే. కరెంటు బిల్లు అలా కాదు, కట్టేదాకా నెత్తి మీదే ఉంటుంది. దాన్ని పదకొండింటికి ఈవెంట్‌గా పెట్టి ఆ టైమ్‌కి కట్టలేకపోతే, మర్నాటికి అది నిన్నటి గడిలో ఉండిపోతుంది, ఎవరూ గుర్తు చేయరు. క్యాలెండర్ సాఫ్ట్‌వేర్లు వాడే ఐక్యాలెండర్ అనే ప్రమాణం 1998లో వచ్చినప్పుడే ఈ రెండింటినీ విడదీసింది. అందులో పనికి గడువు ఉంటుంది, పూర్తయిందని గుర్తు పెట్టే వీలుంటుంది. ఈవెంట్‌కి పూర్తవడం అనేదే లేదు.

గూగుల్ క్యాలెండర్‌లో ఖాళీ గడి మీద నొక్కితే ఈవెంట్ పక్కనే టాస్క్ కూడా ఉంటుంది. టైమ్ ఇవ్వకుండా తేదీ మాత్రమే ఇవ్వండి. అప్పుడది ఆ రోజు పైభాగంలో కనిపిస్తుంది, మీటింగుల మధ్యకి రాదు. మీరు చెప్పిన గజిబిజి చాలావరకు ఇక్కడే తగ్గిపోతుంది. గడువు దాటినవి ఇవాళ్టి తేదీ దగ్గర పెండింగ్‌గా కనిపిస్తాయి. ఔట్‌లుక్‌లో అయితే పక్కన మై డే అనే ప్యానెల్ తెరిచి, పనిని క్యాలెండర్ మీదకి లాగొచ్చు. ఐఫోన్‌లో ఐఓఎస్ 18 నుంచి రిమైండర్లు కూడా క్యాలెండర్‌లోనే కనిపిస్తున్నాయి.

పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో స్లాట్ ఉందనుకోండి, అది ఈవెంట్. దానికి కావాల్సిన కాగితాలన్నీ సర్ది పెట్టుకోవడం టాస్క్, అది ముందు రోజుకి ఉండాలి. జీహెచ్ఎంసీ ఆస్తి పన్ను ఎర్లీ బర్డ్‌లో ఏడాదిది ఒకేసారి కడితే 5 శాతం తగ్గుతుంది, దానికి గడువు ఏప్రిల్ 30. నేను టాస్క్‌ని మాత్రం ఏప్రిల్ మొదటి వారంలో పెట్టి, చివరి తేదీని టాస్క్ పేరులోనే రాస్తాను. ఆఖరి రోజున కనిపించే పని టెన్షన్ పెట్టడానికి తప్ప దేనికీ పనికిరాదు.

అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది ప్రయాణం గురించి. మన ఊళ్లో క్యాలెండర్ తలకిందులయ్యేది అక్కడే. సాయంత్రం ఆరింటికి ఇంటి దగ్గర డాక్టర్‌ని కలవాలంటే, మెట్రోలో అమీర్‌పేటలో లైన్ మారి వచ్చే సమయం, స్టేషన్ దాకా నడక అన్నీ కలిపి ఇంకో ఈవెంట్ పెడతాను. ఇది టాస్క్ కాదు, గంట కొట్టినట్టు బయల్దేరాల్సిందే. పైగా ఆఫీసు క్యాలెండర్‌లో ఆ టైమ్ బిజీగా కనిపిస్తే ఐదింటికి మీటింగ్ పెట్టేముందు ఎవరైనా ఒకసారి అడుగుతారు. వానాకాలంలో ఈ ఈవెంట్‌ని ఇంకాస్త పెద్దది చేస్తాను. గంట, గంటన్నర కూర్చుని రాయాల్సిన రిపోర్ట్ లాంటి వాటికి కూడా ఇలాగే ఈవెంట్ పెట్టి, టాస్క్‌ని అలాగే ఉంచుతాను. ఆ టైమ్‌లో అవకపోయినా పని లిస్టులోంచి పోదు.

ఇంకొకటి. క్యాలెండర్ షేర్ చేసినా గూగుల్ టాస్కులు మీకు తప్ప ఎవరికీ కనిపించవు. గ్యాస్ బుక్ చేయడం లాంటివి ఇంట్లో ఇద్దరూ చూడాలంటే వాటిని మాత్రం ఫ్యామిలీ క్యాలెండర్‌లో రోజంతా ఉండే ఈవెంట్‌గా పెట్టి, అయ్యాక ఎవరు చేస్తే వాళ్లు తీసేయండి.