గదిలోవాళ్ల ఎగతాళి భరించలేక కండలు పెంచాలనుకుంటున్నా... ఇంజెక్షన్లు తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 19. హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉంటూ ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 56 కిలోలు. బక్కగా ఉన్నానని గదిలోవాళ్లు ఎగతాళి చేస్తుంటే గత నెల జిమ్‌లో చేరాను. మొదటి రోజే వాళ్లతో సమానంగా బరువులెత్తి, నాలుగు రోజులు చేతులు కదపలేకపోయాను. సిగ్గేసి మానేశాను. ఇంజెక్షన్లతో మూడు నెలల్లో కండ వస్తుందని ఒక మిత్రుడు అంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దు. కండ పెంచడానికంటూ ఇచ్చే ఇంజెక్షన్లలో సాధారణంగా ఉండేవి అనబాలిక్ స్టెరాయిడ్లు, అంటే పురుష హార్మోన్ టెస్టోస్టిరాన్ లేదా దాన్ని పోలిన రసాయనాలు. బయటి నుంచి హార్మోన్ అందుతున్నంతకాలం మెదడు వృషణాలకు పంపే సంకేతాలు తగ్గిపోతాయి కనుక వృషణాలు కుంచించుకుపోయి, వీర్యకణాల సంఖ్య పడిపోతుంది. మందు ఆపిన తర్వాత కూడా నెలల తరబడి నీరసం, దిగులు వేధించవచ్చు. కొందరిలో రొమ్ములు పెరుగుతాయి, రక్తపోటు ఎక్కువవుతుంది, గుండె కండరం మందమవుతుంది. ఇప్పటికే ఒక డోసు తీసుకుని ఉంటే దాచకుండా ఫిజీషియన్‌కు చెప్పండి.

నిజానికి మీ బరువు మీ ఎత్తుకు తగినట్టే ఉంది. మీ బాడీ మాస్ ఇండెక్స్ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే కొలత) 18.8; ఇది 18.5 నుంచి ఉంటే సాధారణంగానే లెక్కిస్తారు.

మొదటి రోజు నొప్పి మీ చేతకానితనం వల్ల వచ్చింది కాదు. అలవాటు లేని కండరంపై ఒక్కసారిగా భారం పడితే ఎవరికైనా నొప్పి వస్తుంది, రెండో మూడో రోజున ముదురుతుంది, వారంలోపు తగ్గుతుంది. అయితే మూత్రం డికాషన్ రంగులోకి మారితే మాత్రం కండరం తీవ్రంగా దెబ్బతిని, దానిలోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ మూత్రపిండాలకు చేరుతోందని అనుమానించాలి. అప్పుడు సొంతంగా నొప్పి మాత్రలు మింగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పక్కవాడి ముందు తగ్గకూడదని ఎత్తే బరువు ఇంతవరకు తీసుకురాగలదు కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

వ్యాయామం మాత్రం మళ్లీ మొదలుపెట్టండి. పన్నెండుసార్లు సరైన పద్ధతిలో ఎత్తగలిగిన బరువుతో వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో విరామమిస్తూ చేస్తే చాలు. మిగతా రోజుల్లో వేగంగా నడవండి, లేదా షటిల్, వాలీబాల్ ఆడండి. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. తొలి వారాల్లో పెరిగే బలం ప్రధానంగా నాడులు కండరాలను మెరుగ్గా పనిచేయించడం వల్ల వస్తుంది. అద్దంలో తేడా కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది, ఈలోగా నిరాశపడవద్దు. పౌడర్ డబ్బాలు కొనాల్సిన పని లేదు. హాస్టల్ మెస్‌లో దొరికే పప్పు, పెరుగుకు తోడు రోజూ రెండు గుడ్లు, గుప్పెడు వేరుశనగలు, వీలైనప్పుడు చికెన్ తినండి.

మిమ్మల్ని జిమ్‌కు పంపింది, జిమ్ మాన్పించింది రెండూ ఆ ఎగతాళే. అందువల్ల కొంతకాలం గదిలోవాళ్లు వెళ్లని వేళను ఎంచుకోండి, లేదా మీలాగే కొత్తగా మొదలుపెట్టే ఒక స్నేహితుడిని తోడు తీసుకెళ్లండి. తోడు ఉంటే అలవాటు నిలుస్తుంది, ఆ తోడు పోటీగా మారనంతవరకు. ఒంటి గురించిన ఆలోచన చదువును, నిద్రను, నలుగురిలోకి వెళ్లడాన్ని అడ్డుకుంటుంటే మానసిక వైద్యుణ్ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.