రాత్రి పదకొండింటికి మీ అమ్మ ఎందుకు మేలుకుంటోంది?

మాది తెనాలి. ఎనిమిదేళ్లుగా స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరాలో ఉంటున్నాం. నాన్న పోయాక ఒంటరిగా ఉంటున్న అమ్మను (63 ఏళ్లు) సెప్టెంబర్ చివర్లో ఇక్కడికి తీసుకొచ్చాను. మా పాపకు పదకొండు నెలలు. అమ్మ ఉండబట్టి ఇద్దరం టెన్షన్ లేకుండా ఆఫీసుకు వెళ్తున్నాం. ఆవిడకు ఇక్కడ ఏ లోటూ లేదు. కానీ కార్తీకం నుంచి మాటలు తగ్గించింది. రాత్రి పదకొండు దాటినా ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కూర్చుంటోంది. డిసెంబర్ 21న, ఏడాదిలో అతి పొడవైన రాత్రి సందర్భంగా, దగ్గర్లోని హాల్లో తేలికపాటి యోగా, ధ్యానం పెడుతున్నారు. మనసు కుదుటపడుతుందని రెండు టికెట్లు కొన్నాను. 'నాకెందుకే ఇవన్నీ' అంటోంది. మోకాళ్ల నొప్పులు, బీపీ ఉన్నాయి. ఏ ఆసనాలు మంచివి? ఆవిడను ఎలా ఒప్పించాలి?
– ఒక సోదరి, ఎడిన్‌బరా

ఆసనాల సంగతి ముందు చెప్పేస్తాను. కుర్చీలో కూర్చుని మెడ, భుజాలు నెమ్మదిగా కదిలించడం, గోడ దగ్గర నిలబడి తాడాసనం, మోకాళ్ల కింద దిండు పెట్టుకుని శవాసనం. మోకాళ్లు మడిచి కూర్చునే వజ్రాసనం వద్దు. ఊపిరి బిగబట్టే కుంభకం వద్దు. బీపీ చూసే డాక్టరుకు ఒక మాట చెప్పండి. ఇక ఒప్పించడం అంటారా, ఆ పని మానుకోండి.

మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివింది రెండు వాక్యాలు. అమ్మ ఉండబట్టి మీకు టెన్షన్ లేదు అన్నారు. ఆ వెంటనే ఆవిడకు ఏ లోటూ లేదు అన్నారు. ఆ రెండో మాట ఆవిడ చెప్పిందా, మీరే అనుకున్నారా?

మీరిద్దరూ ఇంట్లోంచి వెళ్లింది మొదలు తిరిగి వచ్చేదాకా పాకుతున్న పిల్ల వెనకాల తిరిగేది మోకాళ్ల నొప్పులున్న మనిషి. డిసెంబర్ 21 ప్రాంతంలో మీ ఊళ్లో సూర్యుడు వచ్చేసరికి ఎనిమిదీ నలభై దాటుతుంది, మూడూ నలభైకల్లా వెళ్లిపోతాడు. 21న పగలు ఏడు గంటలకు మించి ఉండదు, మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు ఇళ్ల కప్పుల మీదే కనిపిస్తాడు. అదే రోజు తెనాలిలో పదకొండు గంటలకు పైగా వెలుతురు. అరవై ఏళ్లు ఆ ఎండలో బతికిన మనిషిని నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టి, ఒక్క సాయంత్రం కొవ్వొత్తుల ముందు మనసు ప్రశాంతంగా ఉంచుకో అంటే ఎలా?

ఆవిడ రాత్రి పదకొండింటికి మేలుకునే సంగతి కూడా మీకు తట్టలేదు. మీకు రాత్రి పదకొండంటే తెనాలిలో తెల్లవారుజామున నాలుగున్నర. కార్తీకంలో అది ఆడవాళ్లు దీపాలు పెట్టుకునే వేళ. ధనుర్మాసం వస్తే గుళ్లో మైకు మొదలయ్యే వేళ. ఆవిడ ఫోన్‌లో ఏం వింటోందో ఒక్కసారైనా పక్కన కూర్చుని విన్నారా? ఆవిడకు పట్టంది నిద్ర కాదని నాకు అనిపిస్తోంది. ప్రాణం అక్కడ పెట్టుకుని ఇక్కడ పిల్లను ఎత్తుకుంటోంది.

ధనుర్మాసం డిసెంబర్ 16న మొదలైతే మీ 21వ తేదీకి తిరుప్పావైలో ఆరో పాశురం వస్తుంది. అక్కడి నుంచి పదిహేనో పాశురం దాకా జరిగేదల్లా ఒకటే: ఒక్కొక్క గోపికనూ గుమ్మం దగ్గర నిలబడి లేపి వెంట తీసుకువెళ్లడం. మన ఊళ్లలోనూ అంతే కదా. పక్కింటావిడ పిలుస్తుంది, దారిలో ఇంకొకరు కలుస్తారు, కట్టె పొంగలి తిని ముగ్గులు చూసుకుంటూ వస్తారు. చలికాలం చీకట్లను ఆవిడ దాటుకుంటూ వచ్చింది ఆ మనుషులతోనే. కళ్లు మూసుకుని కూర్చోవడం మంచిదే. 2024లో ఐక్యరాజ్యసమితి డిసెంబర్ 21ని ప్రపంచ ధ్యాన దినంగా కూడా ప్రకటించింది. నేను రోజూ పావుగంట కూర్చుంటాను. కానీ పిలిచేవాళ్లు లేక కుంగిపోతున్న మనిషికి ముందు కావలసింది పిలుపు.

అమ్మ చేత చేయించుకోవడం తప్పని నేను అనను. పసిపిల్లలకు మన ఇళ్లలో అమ్మమ్మే దిక్కు. అయితే ఎన్నాళ్లో, ఎంతసేపో ఆవిడను అడగాలి. పెద్దవాళ్లు అడక్కపోయినా చేస్తారు, ఆ మంచితనాన్ని వాడేసుకోవడం మాత్రం నాకు సహించదు. మీ ఆయన పేరు ఉత్తరంలో ఎక్కడా లేదు, ఆయనా ఆ ఇంట్లోనే ఉన్నారు.

21న సెలవు కాకపోతే ఇద్దరూ సెలవు పెట్టండి. ముందురోజు రాత్రి పదకొండింటికి మీరు అమ్మ పక్కన కూర్చోండి. ఆవిడ ఏది వింటే అది వినండి, మీకు తెలియకపోయినా సరే. పొద్దున వెలుతురు రాగానే పిల్లను మీ ఆయనకు అప్పగించి అమ్మతో పార్కులో నడవండి. వంట ఆయన చేస్తారు. సాయంత్రం ఆవిడకు ఆ హాలుకు రావాలనిపిస్తే వస్తుంది, లేకపోతే రెండో టికెట్ ఎవరికైనా ఇచ్చేయండి. మీరు వెళ్లండి, మీకూ ఆ గంట అవసరమే.

జనవరి నుంచి పాపకు నర్సరీలో కనీసం మూడు రోజులకు చోటు కోసం ఈ వారమే పేరు రాయించండి. ఆ తర్వాత తిరుగు ప్రయాణం ఎప్పుడని ఆవిడనే అడగండి. సంక్రాంతికి ఇంట్లో ఉంటానంటే, మొహం చిన్నబుచ్చుకోకుండా టికెట్ తీయండి.