ప్రార్థన నోట రాని రోజుల్లో నేనేం చేశాను

వందనాలు తమ్ముడూ. ఉద్యోగం పోయి రెండేళ్లయిందనీ, నాన్నగారి వైద్యానికి చేసిన అప్పు పెరుగుతోందనీ, ఎంత ప్రార్థించినా జవాబు లేక ఆదివారం చర్చికి వెళ్లాలంటేనే మనసు రావడం లేదనీ రాశారు. ఇలాంటప్పుడు విశ్వాసంలో ఎలా నిలబడాలని అడిగారు. నేను బోధకురాలిని కాను, హనుమకొండలో బట్టలు కుట్టుకుని బతికే మనిషిని. నాకు జరిగింది చెబుతాను, పనికొస్తే తీసుకోండి.

మా ఆయనకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. ఐదేళ్లపాటు వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. ఆరోగ్యశ్రీలో జరిగింది కాబట్టి ఆ ఖర్చు తప్పింది. ఆటో కిరాయిలు తప్పలేదు, ఆయన సంపాదన ఆగిపోవడమూ తప్పలేదు. వీటన్నిటికంటే నీళ్ల దగ్గరే నరకం చూశాం. కిడ్నీలు పనిచేయక తాగిన నీరు ఒంట్లోనే నిలిచిపోతుంది కాబట్టి, టీ, పులుసు, మజ్జిగ అన్నీ కలిపి రోజుకు లీటరు దాటకూడదన్నారు డాక్టరు. మన ఎండలు మీకు తెలియనివి కావు. మే నెల మధ్యాహ్నం ఆయన చిన్న స్టీలు గ్లాసులో సగం నీళ్లు పోసుకుని, తాగకుండా, చల్లగా ఉంటుందని చెంపకు ఆనించుకుని కూర్చునేవారు. నేను కుట్టుమిషను మీద వంచిన తల ఎత్తేదాన్ని కాదు.

ఆ రోజుల్లోనే ఒక ఉపవాస కూడికలో, ఆస్పత్రిని నమ్ముకునేవాడికి దేవుడి మీద నమ్మకం లేనట్టేనన్నాడు ఒక బోధకుడు. మా ఆయన ఆశపడ్డారు. వరుసగా రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్లలేదు. ఒక రాత్రి పడుకుంటే ఊపిరి ఆడలేదు, లేచి కూర్చుంటే ఆయాసం. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. తెల్లవారుజామున ఆటోలో తీసుకెళ్లి బతికించుకున్నాం. సంగతి తెలిసి ఆ బోధకుడు, మీ విశ్వాసం చాలలేదన్నాడు. ఆయన్ను క్షమించానని చెప్పను, ఇంకా ఆ ప్రయత్నంలోనే ఉన్నాను. మీ నాన్నగారి మందులు మాత్రం ఎవరు చెప్పినా ఆపకండి. బైబిల్లో అపొస్తలుడైన పౌలు, తన ఒంట్లో ముల్లులా గుచ్చే బాధను తీసేయమని దేవుణ్ణి మూడుసార్లు వేడుకున్నాడు, ఆ ముల్లు పోలేదు. ఆయనకు విశ్వాసం చాలలేదని అనే ధైర్యం ఎవరికుంది?

ఆ తర్వాత కొన్ని నెలలు నేను చర్చి గడప తొక్కలేదు. ఒక గురువారం మా సంఘంలో పూర్వం బైబిలు స్త్రీగా, అంటే ఇళ్లకు వెళ్లి ఆడవాళ్లకు బైబిలు చెప్పే మనిషిగా పనిచేసిన పెద్దమ్మ ఇంటికి వచ్చింది. ఇప్పుడు మొదలవుతుంది ఉపదేశం అనుకున్నాను. ఆమె చేటలో ఉన్న చిక్కుడుకాయలు ముందుకు లాక్కుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది. అన్నీ అయ్యాక "వస్తానమ్మా" అని లేచి వెళ్లిపోయింది. మరుసటి గురువారమూ అంతే. బైబిల్లో పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు కూడా మొదటి ఏడు రోజులు నోరు మెదపకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే, నోరు తెరిచాకే చెడగొట్టారు.

నాలుగో వారమో ఐదో వారమో ఆమెతో, "నాకు దేవుడి మీద కోపంగా ఉంది" అన్నాను. "నాకెందుకు చెబుతావు, ఆయనకే చెప్పు" అని 88వ కీర్తన తీసి చదివింది. ఆ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, చివర ఒక్క ఓదార్పు మాట ఉండదు. అలాంటిది కూడా బైబిల్లో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ రాత్రి మిషను కట్టేశాక చాలాసేపు దేవుడితో పోట్లాడాను. నెలల తర్వాత నేను చేసిన ప్రార్థన అదే.

ఇంకొకటి. మా నాయనమ్మది డోర్నకల్ దగ్గరి పల్లె. ఎసట్లో బియ్యం పోసే ప్రతిసారీ ఒక పిడికెడు తీసి కుండలో వేసి, ఆదివారం చర్చికి పట్టుకెళ్లేది. కూలి దొరకని వారం పిడికిలి చిన్నదయ్యేది గాని మానేది కాదు. ప్యాసింజరు రైలెక్కించి మమ్మల్ని డోర్నకల్ పెద్ద చర్చికి తీసుకెళ్లేది. 1939లో ప్రతిష్ఠించిన చర్చి అది. గుడి మండపంలో ఉన్నట్టు స్తంభాలు, పైన గుమ్మటాలు. అది కట్టించిన అజరయ్యగారు 1912లోనే బిషప్ అయ్యారనీ, ఆంగ్లికన్ సంఘంలో మన దేశంవాళ్లలో ఆయనే మొదటి బిషప్ అనీ, సొంత తమ్ముడి గురించి చెప్పినట్టు గర్వంగా చెప్పేది.

ప్రార్థన నోట రాకపోయినా బియ్యం తీయడానికి చెయ్యి ఆడుతుంది కదా అని నేనూ పిడికెడు తీయడం మొదలుపెట్టాను. పెద్దమ్మ చేత పంపేదాన్ని. ఒక ఆదివారం ఆమెకు జ్వరమొస్తే నేనే తీసుకెళ్లాల్సి వచ్చింది. చెప్పులు విడిచేచోట, ఆఖరి వరుసలో కూర్చున్నాను. పాడలేదు. తర్వాతి వారమూ వెళ్లాను, అప్పుడూ పాడలేదు.

మా ఆయన బతకలేదు. మూడేళ్లయింది. స్వస్థత సాక్ష్యాలు చెప్పే రోజున నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది, ఒక్కోసారి మధ్యలోనే లేచి వచ్చేస్తాను. వారం తిరిగేసరికి మళ్లీ అక్కడే ఉంటాను.

మీది జమ్మికుంట అని రాశారు. అప్పుల సంగతి మీ సంఘం పాస్టరు అయ్యగారికి దాచకుండా చెప్పండి. పాడలేకపోతే వెనక కూర్చోండి. ఊరికే వచ్చి చిక్కుడుకాయలు ఒలిచి వెళ్లే పెద్దమ్మ మీ సంఘంలోనూ ఉందేమో చూడండి. కనబడకపోతే ఇక్కడే రాయండి. రాత్రి పదింటికి మిషను కట్టేస్తాను, అప్పుడు చూస్తాను.